ఫలితాలు బాగున్నా షేరు ఎందుకు పడింది? బ్రాడ్‌కామ్ అంచనాలు, కొత్త కస్టమర్ల లెక్క

2025 డిసెంబర్ 11న అమెరికా చిప్ కంపెనీ బ్రాడ్‌కామ్ త్రైమాసిక ఫలితాలు ప్రకటించింది. అమ్మకాలు 18 బిలియన్ డాలర్లు. అంతకుముందు ఏడాది ఇవే మూడు నెలలతో పోలిస్తే 28 శాతం ఎక్కువ. ఏఐ చిప్‌ల అమ్మకాలైతే 74 శాతం పెరిగాయి. రాబోయే త్రైమాసికానికి కంపెనీ చెప్పిన అంకె కూడా అనలిస్టుల సగటు అంచనాను దాటింది. మూడు నెలలుగా అందరూ ఎవరా అని చర్చించుకుంటున్న 10 బిలియన్ డాలర్ల కస్టమర్ పేరు బయటపెట్టింది. ఆ కస్టమరే మరో 11 బిలియన్లకు ఆర్డర్ ఇచ్చిందని, ఇంకో కొత్త కస్టమర్ కూడా వచ్చిందని చెప్పింది.

మర్నాడు షేరు 11 శాతానికి పైగా పడిపోయింది.

సరిగ్గా ఏడాది వెనక్కి వెళ్తే కథ దీనికి పూర్తిగా తలకిందులు. 2024 డిసెంబర్ 12న ఇదే కంపెనీ ఫలితాలు చెప్పినప్పుడు చేతిలో చూపించడానికి ఇంత పెద్ద ఆర్డర్లు లేవు. 2027 నాటికి అవకాశం ఎంత ఉండొచ్చో సీఈఓ హాక్ టాన్ ఒక అంచనా చెప్పారు, అంతే. మర్నాడు షేరు 24 శాతం ఎగిరింది, కంపెనీ విలువ తొలిసారి లక్ష కోట్ల డాలర్లు దాటింది. మాట చెప్పినప్పుడు పెరిగిన షేరు ఆర్డర్ చూపించినప్పుడు ఎందుకు పడింది? చిప్ కంపెనీల షేర్ల గురించి వచ్చే వార్తల్లో కలిగే గందరగోళంలో చాలా భాగం ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే ఉంది.

బ్రాడ్‌కామ్ అమ్మేది ఏమిటి?

ఏఐ చిప్ అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది ఎన్‌విడియా. అది తయారుచేయించే జీపీయూలను ఎవరైనా కొనుక్కోవచ్చు, రకరకాల పనులకు వాడుకోవచ్చు. బ్రాడ్‌కామ్ ఏఐ వ్యాపారం వేరు. గూగుల్ లాంటి పెద్ద కంపెనీ తన అవసరానికి తగ్గట్టు కొలతలిచ్చి కుట్టించుకున్నట్టు చేయించుకునే చిప్‌లు ఇవి. గూగుల్ టీపీయూ ఇలాంటిదే. చిప్ లోపల లెక్కలు ఎలా జరగాలన్నది గూగుల్ ఆలోచన. దాన్ని తయారీకి పనికొచ్చే డిజైన్‌గా మార్చడం, డేటా వేగంగా లోపలికీ బయటికీ వెళ్లే భాగాలు ఇవ్వడం, ప్యాకేజింగ్ చూసుకోవడం బ్రాడ్‌కామ్ పని. అసలు తయారీ తైవాన్‌లోని టీఎస్‌ఎంసీది. ఇలాంటి చిప్‌లను బ్రాడ్‌కామ్ ఎక్స్‌పీయూలు అంటుంది. వేల చిప్‌లను ఒకదానితో ఒకటి కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లూ ఇదే కంపెనీ అమ్ముతుంది. ఇవన్నీ కలిపి చెప్పేదే 'ఏఐ రెవెన్యూ'. 2023 ఆర్థిక సంవత్సరంలో 3.8 బిలియన్లున్న ఈ పద్దు 2024లో 12.2 బిలియన్లకు, 2025లో దాదాపు 20 బిలియన్లకు చేరింది. (ఒక బిలియన్ అంటే 100 కోట్లు. బ్రాడ్‌కామ్ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో ముగుస్తుంది.)

ఈ వ్యాపారంలో కస్టమర్లు వేలల్లో ఉండరు, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. 2024 చివర్లో కంపెనీ లెక్కలో ఉన్నది ముగ్గురే. కంపెనీ వాళ్ల పేర్లు చెప్పలేదు. గూగుల్, మెటా, బైట్‌డ్యాన్స్ అని అనలిస్టులు చాలాకాలంగా అనుకుంటున్నారు. ముగ్గురున్న చోట నాలుగో కస్టమర్ వస్తే వ్యాపారం సైజే మారిపోతుంది. అందుకే ఎర్నింగ్స్ కాల్‌లో, అంటే ఫలితాల తర్వాత కంపెనీ పెద్దలు అనలిస్టులతో మాట్లాడే ఫోన్ సమావేశంలో, 'కొత్త కస్టమర్' అన్న మాటకు అంత బరువు.

గైడెన్స్, అంచనా, ఆశ: మూడూ ఒకటి కాదు

రాబోయే మూడు నెలల్లో ఇంత అమ్ముతాం, ఇంత మార్జిన్ ఉంటుంది అని కంపెనీయే చెప్పేది గైడెన్స్. కంపెనీని గమనించే అనలిస్టులు వేసిన లెక్కల సగటు కన్సెన్సస్. ఈ రెండూ కాగితం మీద ఉంటాయి, వార్తల్లో 'అంచనాలను మించిన ఫలితాలు' అని రాసేది వీటిని పోల్చే. మూడోది ఎక్కడా రాసి ఉండదు. షేరు ఇప్పుడున్న ధర దగ్గర ఉండాలంటే కంపెనీ ఎంత సాధించాలని కొన్నవాళ్లు నమ్ముతున్నారు? ఆ నమ్మకం ధరలో దాగి ఉంటుంది. ఫలితాల రోజు షేరు పోటీపడేది చాలాసార్లు దానితోనే.

ఇది బ్రాడ్‌కామ్‌కే పరిమితం కాదు. కస్టమ్ చిప్‌ల రంగంలోనే ఉన్న మార్వెల్ 2025 మార్చి 5న ఇచ్చిన గైడెన్స్ కన్సెన్సస్‌ను కొద్దిగా దాటింది. మర్నాడు షేరు దాదాపు 20 శాతం పడింది. కొద్దిగా దాటితే చాలదు, బాగా దాటాలని ధర అప్పటికే అడుగుతోంది.

చిన్న లెక్కతో చూద్దాం. అంకెలు ఊహించినవే. ఒక కంపెనీ షేరు ధర 400. వచ్చే ఏడాది షేరుకు 10 లాభం వస్తుందని అందరి అంచనా. అంటే లాభానికి 40 రెట్లు ఇచ్చి కొంటున్నారు. ఇప్పుడు కంపెనీ లాభం 10 కాదు, 10.50 వస్తుంది అంది. మంచి వార్తే. కానీ అదే కాల్‌లో, ఆ తర్వాతి ఏళ్ల లాభాల మీద అనుమానం కలిగించే మాట ఒకటి దొర్లింది. ఇన్వెస్టర్లు 40 రెట్లకు బదులు 34 రెట్లే ఇస్తామన్నారు. 10.50ని 34తో గుణిస్తే 357. లాభం అంచనా 5 శాతం పెరిగింది, షేరు 11 శాతం దాకా తగ్గింది. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. ధరలో ఒక భాగం వచ్చే ఏడాది లాభం, రెండో భాగం ఆ తర్వాతి ఏళ్ల మీద నమ్మకం. మొదటిది పెరిగినా రెండోది అంతకంటే ఎక్కువ తగ్గింది.

'కొత్త కస్టమర్' అనే మాటలో ఎన్ని మెట్లు

కస్టమ్ చిప్ వ్యాపారంలో కస్టమర్ ఒక్క రోజులో రాడు. ముందు మాటలు, ఆ తర్వాత 'మా చిప్ మీరే చేయండి' అని ఎంపిక. ఆ తర్వాత ఏడాది, ఏడాదిన్నర డిజైన్, వెరిఫికేషన్. అది పూర్తయ్యాక డిజైన్‌ను ఫ్యాక్టరీకి పంపడం, అంటే టేప్ ఔట్. హైదరాబాద్‌లో చిప్ వెరిఫికేషన్ పని చేసేవాళ్లను అడిగితే టేప్ ఔట్‌కు ముందు వారాల టెన్షన్ ఎలా ఉంటుందో చెబుతారు. ఫ్యాక్టరీ నుంచి తొలి చిప్‌లు చేతికి రావడానికే నెలలు పడుతుంది. పవర్ ఇచ్చి చూస్తే పెద్ద తప్పు బయటపడిందనుకోండి, సరిచేసి మళ్లీ పంపాలి, మళ్లీ కొన్ని నెలలు ఆగాలి. అన్నీ కుదిరాకే డేటా సెంటర్లకు సరిపడా పెద్ద ఆర్డర్. ఎంపికైన రోజుకూ డబ్బు ధారగా వచ్చే రోజుకూ మధ్య రెండేళ్లు గడిచినా ఆశ్చర్యం లేదు.

ఈ విషయంలో బ్రాడ్‌కామ్ మాటల్ని జాగ్రత్తగానే వాడింది. 2024 డిసెంబర్‌లో ముగ్గురు కస్టమర్లు కాకుండా మరో ఇద్దరు తమను ఎంచుకున్నారని చెప్పింది. 2025 మార్చి నాటికి ముగ్గురికి బయట ఉన్నవాళ్లు నలుగురయ్యారు. కానీ వాళ్లను కస్టమర్లుగా లెక్కపెట్టలేదు. పెద్ద ఎత్తున ఉత్పత్తికి వెళ్లేదాకా వాళ్లు రాగల కస్టమర్లే తప్ప వచ్చిన కస్టమర్లు కాదన్నది కంపెనీ లెక్క. 2025 సెప్టెంబర్ 4న ఆ గుంపులోని ఒకరు ఉత్పత్తి ఆర్డర్ ఇచ్చారని, అందుకే ఇప్పుడు కస్టమర్‌గా చూస్తున్నామని చెప్పింది. ఆర్డర్ విలువ 10 బిలియన్లకు పైనే. మర్నాడు షేరు 9 శాతం దాకా పెరిగింది.

అది చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ అయ్యుంటుందని చాలామంది అనుకున్నారు. అక్టోబర్ 13న ఓపెన్‌ఏఐ, బ్రాడ్‌కామ్ కలిసి 10 గిగావాట్ల కరెంటు వాడేన్ని చిప్‌ల ఒప్పందం ప్రకటించడంతో అనుమానం తీరిపోయినట్టే కనిపించింది, షేరు దాదాపు మరో 10 శాతం ఎగిరింది. కానీ ఆ రోజే, ఆ 10 బిలియన్ల కస్టమర్ ఓపెన్‌ఏఐ కాదని బ్రాడ్‌కామ్ ఉన్నతాధికారి చార్లీ కవాస్ స్పష్టం చేశారు. డిసెంబర్‌లో తేలింది: ఆ కస్టమర్ మరో ఏఐ కంపెనీ ఆంత్రోపిక్.

అసలు కిటుకు ఇక్కడుంది. ఆంత్రోపిక్ కొన్నది తన కోసం కొత్తగా డిజైన్ చేయించుకున్న చిప్ కాదు. గూగుల్ టీపీయూల్లో ఐరన్‌వుడ్ తరం చిప్‌లతో నిండిన ర్యాకులు. అంతకుముందే అక్టోబర్ 23న, 10 లక్షల దాకా టీపీయూలు వాడుకునే ఒప్పందాన్ని గూగుల్, ఆంత్రోపిక్ ప్రకటించాయి. డిజైన్ ముందే సిద్ధంగా ఉంది కాబట్టి రెండేళ్లు ఆగక్కర్లేదు, ఆర్డర్ త్వరగా డబ్బవుతుంది. అయితే మరో కంపెనీ తన సొంత చిప్ కోసం బ్రాడ్‌కామ్‌ను ఎంచుకోవడం లాంటిది కాదిది. ఒక రకంగా గూగుల్ చిప్‌కే మరో కొనుగోలుదారు దొరికినట్టు.

ఓపెన్‌ఏఐ సంగతి దీనికి ఎదురు. అక్కడ చిప్ కొత్తది, ఓపెన్‌ఏఐ సొంతానిది. ఒప్పందం ప్రకటన ప్రకారం 2026 రెండో సగంలో మొదలై 2029 చివరికల్లా పూర్తి కావాలి. డిసెంబర్ కాల్‌లో మాత్రం 2026లో దీని నుంచి పెద్దగా ఏమీ ఆశించవద్దన్నట్టు టాన్ చెప్పారు. వచ్చేదేదో 2027, 2028, 2029లోనే అని.

ఒకే మాట కింద మూడు నాలుగు రకాల సంగతులు నడుస్తున్నాయన్నమాట. త్వరగా వచ్చే ఆర్డర్, ఆలస్యంగా వచ్చే ఒప్పందం, ఇంకా డిజైన్ బల్ల మీదే ఉన్న ప్రాజెక్టు, పేరు చెప్పని ఐదో కస్టమర్ ఇచ్చిన 1 బిలియన్ ఆర్డర్. అన్నీ కలిపేసి 'కొత్త కస్టమర్లు' అని రాసే వార్త చదివితే లెక్క తప్పడం ఖాయం.

వార్త రాకముందే ధరలో ఉన్న వార్త

ఒక ఊహా కంపెనీని తీసుకుందాం. 1000 కోట్ల ఆర్డర్ రావచ్చని మార్కెట్‌లో వినిపిస్తోంది. వచ్చే అవకాశం 60 శాతమని ఇన్వెస్టర్లు నమ్మితే, ధరలో ఇప్పటికే సుమారు 600 కోట్ల ఆర్డర్ ఉన్నట్టే. రేపు 1000 కోట్ల ఆర్డర్ ఖాయమైతే కొత్తగా కలిసేది 400 కోట్లే. ఆర్డర్ ఖాయమైంది కానీ 500 కోట్లకే అనుకుందాం. పత్రికల్లో 'కొత్త కస్టమర్ వచ్చాడు' అనే శీర్షిక వస్తుంది. షేరు పడుతుంది, ఎందుకంటే ధరలో ఉన్నది 600.

2024 డిసెంబర్‌లో జరిగింది దీనికి ముందటి దశ. 2027 నాటికి ముగ్గురు కస్టమర్ల దగ్గరే 60 నుంచి 90 బిలియన్ డాలర్ల అవకాశం ఉందన్నప్పుడు ఆ అంకె చాలామందికి కొత్త. ఒక్కో కస్టమర్ 10 లక్షల చిప్‌లను కలిపిన క్లస్టర్లు కడతాడన్న మాటా కొత్తే. నిజానికి ఆ 60–90 బిలియన్లు బ్రాడ్‌కామ్ అమ్మకాల అంచనా కాదు. బ్రాడ్‌కామ్ పోటీపడగల మార్కెట్ సైజు. అందులో తన వాటా ఎంతో కంపెనీ చెప్పలేదు. ఈ తేడాను ఆ రోజు చాలా వార్తలు సరిగ్గా పట్టుకోలేదు. అయినా ధరలో అసలు లేని ఆశ ఒకటి ఒక్కరోజులో వచ్చి చేరింది. ఏడాది తర్వాత ఆ ఆశ పూర్తిగా ధరలో ఉంది, దాని మీద మరికొంత కూడా ఉంది.

73 బిలియన్లు: ఎక్కువా, తక్కువా?

డిసెంబర్ 2025 కాల్‌లో అందరి నోళ్లలో నానిన అంకె ఇది. రాబోయే 18 నెలల్లో సరఫరా చేయాల్సిన ఏఐ ఆర్డర్లు 73 బిలియన్ డాలర్లు చేతిలో ఉన్నాయని టాన్ చెప్పారు. కంపెనీ మొత్తం చేతిలో ఉన్న ఆర్డర్లు 162 బిలియన్లు, అందులో దాదాపు సగం ఇదే.

18 నెలలంటే ఆరు త్రైమాసికాలు. 73ను ఆరుతో భాగిస్తే త్రైమాసికానికి 12.2 బిలియన్లు. మొదటి త్రైమాసికానికి కంపెనీ ఇచ్చిన ఏఐ గైడెన్స్ 8.2 బిలియన్లు. అది తీసేస్తే మిగిలిన 64.8 బిలియన్లు ఐదు త్రైమాసికాల్లో రావాలి, సగటున ఒక్కోదానికి 13 బిలియన్లు. 2025 ఆర్థిక సంవత్సరం మొత్తంలో వచ్చింది 20 బిలియన్లేనని గుర్తుంచుకుంటే ఇది చాలా పెద్ద పెరుగుదల.

మరి నిరుత్సాహం ఎందుకు? కొందరు ఇంకా పెద్ద అంకె ఆశించారు. అంతకంటే ముఖ్యంగా, కస్టమర్ల పెద్ద పెద్ద ప్రకటనలు అన్నీ కలిపి వాళ్లు మనసులో వేసుకున్న మొత్తం దీనికంటే ఎక్కువ. 73 అనేది ఇప్పటికి చేతిలో ఉన్నది, కనీసపు అంకె, ఈ 18 నెలల్లో సరఫరా చేయాల్సిన ఆర్డర్లు ఇంకా వస్తాయని టాన్ వివరించారు. కానీ 2026 మొత్తానికి ఏఐ అమ్మకాల అంచనా ఇవ్వమంటే ఇవ్వలేదు. అంకె రోజురోజుకూ మారుతోంది, ఇప్పుడే చెప్పడం కష్టమని ఆయన ఉద్దేశం. జాగ్రత్తగా మాట్లాడటమని కొందరు మెచ్చుకున్నారు. ఇంత ధర పెట్టి కొన్నవాళ్లకు ఆ జాగ్రత్తే అనుమానంగా వినిపించింది.

ఫలితాలు రాగానే షేరు ముందు కాస్త పెరిగింది. ఆ తర్వాత కాల్ నడుస్తుండగా, అంటే మన దగ్గర తెల్లవారుజామున మూడున్నర దాటాక, దిశ మార్చుకుంది. ప్రకటనలో ఉన్నది అమ్మకాలు. కాల్‌లో వినిపించింది మార్జిన్.

శాతం తగ్గి, డబ్బు పెరిగితే

గ్రాస్ మార్జిన్ అంటే అమ్మిన ధరలోంచి ఆ వస్తువుకు నేరుగా అయిన ఖర్చు తీసేస్తే మిగిలే భాగం, శాతంలో. ఆ త్రైమాసికంలో బ్రాడ్‌కామ్‌కు ఇది 78 శాతం దగ్గర ఉంది. కారణాల్లో ఒకటి 2023లో కొన్న వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ వ్యాపారం. తర్వాతి త్రైమాసికంలో ఇది ఒక శాతం పాయింటు తగ్గుతుందని, ర్యాకులు అమ్మడం మొదలయ్యే 2026 రెండో సగంలో మరింత తగ్గుతుందని ఫైనాన్స్ అధిపతి కిర్స్టెన్ స్పియర్స్ చెప్పారు.

ర్యాకు అమ్మితే మార్జిన్ ఎందుకు తగ్గుతుంది? మళ్లీ ఊహా అంకెలే. చిప్‌ను 100 రూపాయలకు అమ్ముతారు, ఖర్చు 40, మిగులు 60. మార్జిన్ 60 శాతం. ఇప్పుడు అదే చిప్‌ను మెమరీ, కేబుళ్లు, పవర్ పరికరాలు బిగించిన ర్యాకులో పెట్టి అమ్మారు. బయటివాళ్ల దగ్గర 95కు కొన్న భాగాల్ని 100కు లెక్కకట్టారు. మొత్తం అమ్మకం 200, మిగులు 60 ప్లస్ 5, అంటే 65. మార్జిన్ 32.5 శాతం. శాతం దాదాపు సగమైంది, చేతికొచ్చిన డబ్బు 5 రూపాయలు పెరిగింది.

కంపెనీ వాదన సరిగ్గా ఇదే: శాతం తగ్గినా మిగిలే డాలర్లు పెరుగుతాయి. లెక్క ప్రకారం తప్పేమీ లేదు. ఎదురు వాదన కూడా లెక్క ప్రకారమే సాగుతుంది. 10 బిలియన్ల ఆర్డర్ అని విన్నప్పుడు దాన్ని పాత మార్జిన్‌తో గుణించి లాభం ఊహించుకున్నవాళ్లు ఇప్పుడు ఆ ఊహను తగ్గించుకోవాలి. అందులో ఎంత భాగం బ్రాడ్‌కామ్ సొంత విలువ, ఎంత భాగం వేరేవాళ్ల భాగాలు తన చేతి మీదుగా దాటించడం? అంత పెద్ద మొత్తంలో సరుకు కొని పెట్టుకోవడానికి ముందుగా పెట్టుబడి కూడా కావాలి. సెప్టెంబర్‌లో 10 బిలియన్లకు చప్పట్లు కొట్టినప్పుడు అవి ర్యాకులని కంపెనీ చెప్పింది. దాని అర్థం మార్జిన్‌లో ఎలా ఉంటుందో చాలామంది ఆలోచించింది డిసెంబర్‌లోనే. ఆ పతనానికి అసలు కారణాల్లో ఇదే పెద్దదని నాకు అనిపిస్తుంది.

రెండు వైపులా ఉన్న గట్టి వాదనలు

ఆశావహుల మాట తేలిగ్గా తీసేయదగ్గది కాదు. టీపీయూలను గూగుల్ ఇన్నాళ్లూ ఎక్కువగా తన కోసం, తన క్లౌడ్ కోసం వాడుకుంది. ఇప్పుడు బయటి ఏఐ కంపెనీలు పెద్ద ఎత్తున కొంటున్నాయంటే ఎన్‌విడియాకు నిజమైన ప్రత్యామ్నాయం ఏర్పడుతున్నట్టు. చిప్‌లు మారినా వాటిని కలిపే స్విచ్‌లు కావాలి, అవీ బ్రాడ్‌కామ్ దగ్గరున్నాయి. స్విచ్‌ల ఆర్డర్లే 10 బిలియన్లు దాటాయి. డేటా సెంటర్ల నిర్మాణం ఆగే సూచనలూ లేవు. ఓపెన్‌ఏఐ ఒప్పందం ప్రకటించిన మర్నాడే, అక్టోబర్ 14న, విశాఖపట్నంలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ కడతామని గూగుల్ ప్రకటించింది. మన ఊళ్ల పేర్లూ ఈ ఖర్చుల జాబితాలోకి వచ్చాయంటే ఆ జాబితా ఎంత పొడవుందో ఊహించవచ్చు.

అనుమానించేవాళ్లు మూడు విషయాలు ఎత్తుతారు. ఒకటి, ఇద్దరు ముగ్గురు కస్టమర్ల మీద ఇంత ఆధారపడితే వాళ్లు బేరమాడతారు, లేదా పని తామే చేసుకుంటారు. టీపీయూ పనిలో కొంత తైవాన్ చిప్ కంపెనీ మీడియాటెక్‌కు కూడా గూగుల్ ఇస్తోందని 2025లో వార్తలొచ్చాయి. కస్టమర్లే సొంతంగా డిజైన్ పూర్తి చేసుకుంటారన్న భయాన్ని టాన్ అతిశయోక్తి అని కొట్టిపారేశారు, ఎందుకంటే చిప్ టెక్నాలజీ ఆగకుండా మారుతుంటే తోడు లేకుండా పరుగెత్తడం కష్టమని ఆయన వాదన. రెండోది, మార్జిన్. అది చూశాం.

మూడోదే నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది: కస్టమర్ దగ్గర డబ్బుందా? గూగుల్, మెటాలకు ప్రకటనల వ్యాపారం నుంచి ఏటా భారీగా నగదు వస్తుంది. ఓపెన్‌ఏఐ పరిస్థితి అది కాదు. 2025 చివరికి ఏడాదికి 20 బిలియన్ డాలర్ల ఆదాయ స్థాయి దాటుతామని, రాబోయే ఎనిమిదేళ్లలో సుమారు 1.4 లక్షల కోట్ల డాలర్ల ఖర్చుకు కట్టుబడ్డామని ఓపెన్‌ఏఐ సీఈఓ సామ్ ఆల్ట్‌మన్ నవంబర్‌లో స్వయంగా చెప్పారు. ఆ రెండు అంకెల మధ్య దూరం అప్పులతో, కొత్త పెట్టుబడులతో పూడాలి. అవి ఆగితే గిగావాట్ల ఒప్పందం ఎంతవరకు ఆర్డరుగా మారుతుంది? ఈ ప్రశ్న బ్రాడ్‌కామ్‌ది మాత్రమే కాదు, ఓపెన్‌ఏఐకి సరఫరా చేసే ప్రతి కంపెనీదీ.

అమెరికాలో చిప్ కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లలో జీతంలో కొంత భాగాన్ని కంపెనీ షేర్లుగా అందుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక్కరోజులో 24 శాతం పైకి, ఒక్కరోజులో 11 శాతం కిందికి అన్నది వాళ్లకు ఇంటి అప్పు లెక్కల్లో కనిపించే విషయం.

ఏది ఎప్పుడు తేలుతుంది

ఈ వాదనలన్నీ ఒకేసారి తేలేవి కావు. ఆంత్రోపిక్ రెండో ఆర్డర్, ఐదో కస్టమర్ ఆర్డర్ 2026 చివర్లో సరఫరా కావాలి. ర్యాకుల వల్ల మార్జిన్ ఎంత తగ్గుతుందో, డాలర్లు నిజంగా పెరుగుతాయో లేదో తెలిసేది అప్పుడే. 73 బిలియన్లకు పెట్టిన 18 నెలల గడువు 2027 వసంతకాలంలో ముగుస్తుంది. అప్పటికి త్రైమాసికానికి సగటున 13 బిలియన్లు వచ్చాయా, టాన్ అన్నట్టు అంతకు మించా అన్నది ఎవరైనా కూడి చూసుకోవచ్చు. ఓపెన్‌ఏఐ చిప్‌ల సంగతి ఆ తర్వాతి మాట. 2027 నుంచి 2029 దాకా అది ప్రతి ఎర్నింగ్స్ కాల్‌లోనూ ఒక ప్రశ్నగానే ఉంటుంది.